బాగా కలిసిందనుకుందాం

కెమికల్ ఇంజనీరింగులో మోడల్ రాసేవాళ్లెవరూ సమీకరణాలతో మొదలుపెట్టరు. ముందు తాము అనుకున్నవి రాసుకుంటారు. రియాక్టర్‌లో ద్రవమంతా బాగా కలిసి ఒకే ఉష్ణోగ్రతలో ఉందనుకుందాం. సాంద్రత మారదనుకుందాం. గోడల నుంచి బయటి గాలికి పోయే వేడి లెక్కలోకి రానంత తక్కువనుకుందాం. జాకెట్‌లోకి వచ్చే నీళ్ల ఉష్ణోగ్రత పగలూ రాత్రీ ఒకటే అనుకుందాం. ఇలా నాలుగైదు వాక్యాలు పడ్డాకే కలం డెరివేటివ్‌ల జోలికి వెళ్తుంది. పరీక్షలో ఈ వాక్యాలకు ఒకటో రెండో మార్కులు వస్తాయి. పరిశోధన పత్రంలో ఒక పేరా దక్కుతుంది. నా ఉద్యోగ జీవితం మాత్రం ఈ వాక్యాల చుట్టూనే తిరిగింది. సమీకరణాలను కంప్యూటర్ పరిష్కరిస్తుంది. అనుకున్నవి నిజమో కాదో తేల్చడానికి మాత్రం మనిషే రియాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈ రంగంలో ఇంతకన్నా ముఖ్యమైన పని ఉందని నేను అనుకోను.

నేను హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో బ్యాచ్ రియాక్టర్ల మోడలింగ్, కంట్రోల్ చూస్తాను. పరిశోధన అనగానే కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి గుర్తొస్తాడు. నా పనిలో సగం అక్కడే. మిగతా సగం జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, విశాఖ దగ్గర పరవాడ లాంటి చోట్ల బల్క్ డ్రగ్ ప్లాంట్లలో, హెల్మెట్ పెట్టుకుని, ఎజిటేటర్ చప్పుడు మధ్య గొంతు పెంచి మాట్లాడుతూ గడుస్తుంది. ల్యాబ్‌లో కుదిరిన రియాక్షన్‌ను పెద్ద రియాక్టర్‌లోకి తీసుకెళ్లేటప్పుడో, బ్యాచ్‌లో టెంపరేచర్ నిలకడగా ఉండనప్పుడో మమ్మల్ని పిలుస్తారు.

వేడి జమాఖర్చు

మా కథలన్నిటికీ వేదిక గ్లాస్ లైన్డ్ రియాక్టర్. ఉక్కు పాత్ర, లోపల గాజు పూత, మధ్యలో తిరిగే ఎజిటేటర్, చుట్టూ జాకెట్. జాకెట్‌లోకి అవసరాన్ని బట్టి ఆవిరి, వేడినీళ్లు, కూలింగ్ వాటర్, సున్నా కన్నా బాగా కింద ఉండే బ్రైన్ (ఉప్పునీళ్లు) పంపుతారు. లోపల పుట్టే వేడి, జాకెట్ లాక్కునే వేడి, మొదటిదాంట్లోంచి రెండోది పోగా ద్రవంలో మిగిలిపోయే వేడి. ఈ మూడింటి జమాఖర్చే మా మొదటి సమీకరణం. చూడ్డానికి ఇంతే. అందులో ఉన్న ప్రమాదమంతా ఖర్చు కన్నా జమ వేగంగా పెరగడంలో ఉంది.

రసాయన చర్య వేగం ఉష్ణోగ్రతతో ఎలా పెరుగుతుందో చెప్పే సూత్రాన్ని స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ 1889లో ప్రతిపాదించాడు. దాని ప్రకారం మామూలు ప్లాంట్ ఉష్ణోగ్రతల్లో చాలా రియాక్షన్లు 10 డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపు వేగం అందుకుంటాయి. జాకెట్ లాక్కునే వేడి మాత్రం లోపలికీ జాకెట్‌కీ మధ్య ఉన్న తేడాకు తగ్గట్టే పెరుగుతుంది. లెక్క వేసి చూడండి. రియాక్టర్ 60 డిగ్రీల్లో ఉంది, జాకెట్ 20లో ఉంది. తేడా 40. రియాక్టర్ 70కి వెళ్తే తేడా 50 అవుతుంది. అంటే చల్లబరిచే శక్తి పెరిగింది 25 శాతం. పుట్టే వేడి పెరిగింది దాదాపు 100 శాతం. ఒక హద్దు దాటాక ఈ పరుగులో జాకెట్ ఇక అందుకోలేదు. మా భాషలో దాన్నే రన్‌అవే అంటారు.

ఈ పోటీని గణితంగా నిలబెట్టినవాళ్లలో నీల్ ఆమండ్‌సన్, రూథర్‌ఫర్డ్ ఆరిస్ ముందు వరసలో ఉంటారు. రియాక్టర్ స్థిరత్వం మీద వాళ్లు 1958లో కెమికల్ ఇంజనీరింగ్ సైన్స్ పత్రికలో రాసిన వ్యాసాలు ఇప్పటికీ మా విద్యార్థుల చేత చదివిస్తాం. సరుకు ఆగకుండా వచ్చిపోయే రియాక్టర్లలో, లోపలికి వెళ్లే సరుకు మారకపోయినా ఒకే రియాక్టర్ రెండు మూడు వేర్వేరు స్థితుల్లో నిలబడగలదు. వాటిలో ఒకటి వదిలేస్తే జారిపోయే స్థితి. దాన్ని కంట్రోలర్ పట్టి ఉంచగలదు. మోడల్‌కీ కంట్రోల్‌కీ ఉన్న బంధం నాకు మొదటిసారి స్పష్టంగా కనబడింది ఆ వ్యాసాల్లోనే. ఏ స్థితి నిలకడైనదో తెలియకుండా కంట్రోలర్ బిగిస్తే, మనం దేన్ని పట్టి ఉంచుతున్నామో మనకే తెలియదు.

లీటరు ఫ్లాస్కు నుంచి కిలోలీటరు దాకా

ల్యాబ్ కెమిస్టు లీటరు ఫ్లాస్కులో చేసిన రియాక్షన్ చాలా మర్యాదగా ఉంటుంది. ఐస్ బాత్‌లో పెడితే చల్లబడుతుంది, తీస్తే వేడెక్కుతుంది. అదే ఆకారాన్ని 1,000 లీటర్లకు పెంచామనుకోండి. ఘనపరిమాణం 1,000 రెట్లు పెరుగుతుంది, గోడ వైశాల్యం 100 రెట్లే పెరుగుతుంది. అంటే ప్రతి లీటరు ద్రవానికీ వేడి పోవడానికి దొరికే గోడ పదో వంతుకు పడిపోతుంది. పెళ్లి భోజనాల్లో విస్తట్లో పప్పు క్షణంలో చల్లారిపోయినా గుండిగలో పప్పు ఆఖరి బంతి దాకా పొగలు కక్కుతూ ఉండటానికి కారణం ఇదే. రియాక్టర్‌లో అయితే ఆ గుండిగ కింద పొయ్యి ఆర్పేసినా, లోపలి సరుకే పొయ్యి.

అందుకే స్కేల్ అప్‌కి పిలిచినప్పుడు మేం మొదట అడిగేది రియాక్షన్ కెలోరిమీటర్ డేటా. ఎంత వేడి, ఎంత వేగంతో పుడుతుందో అది చెబుతుంది. దాని నుంచి ఒక సంఖ్య తీస్తాం. చల్లబరచడం పూర్తిగా ఆగిపోతే, పుట్టిన వేడంతా ద్రవంలోనే నిలిచిపోతే, ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుంది? కిలోకు 150 కిలోజౌళ్ల వేడి వచ్చే మిశ్రమం, దాని ఉష్ణధారణ డిగ్రీకి కిలోకు 2 కిలోజౌళ్లు అనుకుంటే 75 డిగ్రీలు. 60 దగ్గర మొదలైతే 135కి చేరుతుంది. తర్వాతి ప్రశ్న ఇంకా కీలకం. 135 దగ్గర ఈ మిశ్రమం ఊరికే ఉంటుందా, ఇంకో రియాక్షన్ మొదలుపెడుతుందా? మొదటి మోడల్‌లో ఆ రెండో రియాక్షన్ ఉండదు. మనం అనుకున్నవాటిలో ‘ఒకే రియాక్షన్ జరుగుతుంది’ అనే వాక్యం ఉంది కాబట్టి.

అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో 2007 డిసెంబరు 19న టీ2 లేబొరేటరీస్ అనే కంపెనీలో ఇదే జరిగింది. పెట్రోలులో కలిపే ఒక మాంగనీస్ సమ్మేళనాన్ని వాళ్లు అప్పటికే చాలాసార్లు తయారుచేశారు. పేలిపోయింది 175వ బ్యాచ్. నలుగురు చనిపోయారు, 32 మంది గాయపడ్డారు. అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు విచారణలో రెండు విషయాలు తేలాయి. చల్లబరిచే నీటి వ్యవస్థకు ప్రత్యామ్నాయం లేదు, అది విఫలమైంది. ఉష్ణోగ్రత హద్దు దాటాక సోడియంకూ ద్రావకానికీ మధ్య, అప్పటిదాకా ఎవరూ లెక్కలోకి తీసుకోని రెండో రియాక్షన్ అందుకుంది. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టిన ప్రతిసారీ మా బృందంలోని కుర్రాళ్ల చేత ఆ నివేదిక చదివిస్తాను. 174 బ్యాచ్‌లు పేలకుండా గడవడం 175వదానికి హామీ కాదని అంతకన్నా గట్టిగా చెప్పే పాఠం నాకు తెలియదు.

మూడు అంకెలతో ఒక రియాక్టర్

ఇక కంట్రోల్. ఇక్కడికొచ్చేసరికి ఆ పెద్ద మోడల్‌ను పక్కన పెట్టేస్తాం. కంట్రోలర్‌ను ట్యూన్ చేయడానికి సాధారణంగా మూడు అంకెలు చాలు. వాల్వ్ ఇంత కదిపితే టెంపరేచర్ చివరికి ఎంత మారుతుంది? అది గెయిన్. ఆ మార్పు ఎంత నెమ్మదిగా వస్తుంది? అది టైమ్ కాన్‌స్టెంట్. కదిపాక ఎంతసేపు అసలేమీ కనబడదు? అది డెడ్ టైమ్. సమస్యలన్నీ తెచ్చిపెట్టేది ఈ మూడోదే.

ఈ అంకెలు పట్టడానికి చేసే స్టెప్ టెస్ట్ ఈ వృత్తిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. రసాయనాలు వేయకముందు వాటర్ ట్రయల్‌లో చేస్తాం. రియాక్టర్‌లో నీళ్లు, ఎజిటేటర్ నడుస్తూ ఉంటుంది, టెంపరేచర్ నిలకడకు వచ్చేదాకా ఆగుతాం. లూప్‌ను మాన్యువల్‌లో పెట్టి, జాకెట్ వాల్వ్‌ను 30 శాతం నుంచి 40కి జరిపి చేతులు కట్టుకుని చూస్తాం. స్క్రీన్ మీద గీత అలాగే అడ్డంగా పోతూ ఉంటుంది. జాకెట్ నిండాలి, ఉక్కు గోడ, దాని మీద గాజు పూత చల్లబడాలి, ఆ చలి ద్రవంలోకి రావాలి, ద్రవంలోంచి థర్మోవెల్ గోడ దాటి లోపలి సెన్సార్‌ను తాకాలి. గ్లాస్ లైన్డ్ రియాక్టర్‌లో ఇవన్నీ నెమ్మదే. కాసేపటికి గీత వంగడం మొదలవుతుంది. అక్కడి నుంచి మొత్తం మార్పులో 63 శాతానికి చేరే దాకా పట్టిన సమయమే టైమ్ కాన్‌స్టెంట్. ఇంత తేలికైన పరీక్ష ఆ రియాక్టర్ స్వభావమంతా బయటపెడుతుంది.

జాన్ జీగ్లర్, నథానియల్ నికల్స్ 1942లో ఇచ్చిన ట్యూనింగ్ సూత్రాలు ఇలాంటి పరీక్షల్లోంచి పుట్టినవే. ఇద్దరూ టేలర్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే పరికరాల కంపెనీలో పనిచేసేవారు. ప్లాంట్ మనిషి చేతికి అందే నియమాలు ఇవ్వాలన్న తపన ఆ పత్రంలో కనబడుతుంది. తర్వాత 1957లో ఓటో స్మిత్ డెడ్ టైమ్‌కు ఒక ఉపాయం చెప్పాడు. వాల్వ్ కదిపిన ఫలితం ఇంకా కనబడకపోయినా, మోడల్ దాన్ని ముందే అంచనా వేసి కంట్రోలర్‌కు చూపిస్తుంది. దాంతో కంట్రోలర్ కంగారుపడి వాల్వ్‌ను ఇంకా తెరవదు. షెల్ కంపెనీలో చార్లెస్ కట్లర్ బృందం 1970లలో తయారుచేసి 1979లో బయటి ప్రపంచానికి చెప్పిన డైనమిక్ మ్యాట్రిక్స్ కంట్రోల్ ఈ ఆలోచనకు పెద్దరికం తెచ్చింది. ఇవాళ రిఫైనరీల్లో మోడల్‌తో ముందుచూపు చూసే కంట్రోల్ మామూలైపోయింది. బల్క్ డ్రగ్ ప్లాంట్లలో మాత్రం పని నడిపించేది ఇప్పటికీ, ఇప్పటి తేడాను, కూడుతూ వచ్చిన తేడాను, అది మారే వేగాన్ని చూసి వాల్వ్ కదిపే పీఐడీ కంట్రోలరే. దాన్ని సరిగ్గా ట్యూన్ చేస్తే చాలాచోట్ల అంతకుమించి అక్కర్లేదు కూడా.

ఆ సరిగ్గా అన్నచోటే అసలు పని ఉంది. ఒక ప్లాంట్‌లో వేడెక్కించిన ప్రతిసారీ టెంపరేచర్ సెట్ పాయింట్ (మనం కోరిన అంకె) దాటి చాలా పైకి వెళ్లి, నెమ్మదిగా దిగేది. ఓవర్‌షూట్ అని రికార్డుల్లో రాసి వదిలేసేవారు. దాని వెనక కారణం రీసెట్ వైండప్. వేడెక్కించే గంటసేపూ వాల్వ్ పూర్తిగా తెరిచే ఉంటుంది. కంట్రోలర్‌లోని ఇంటిగ్రల్ భాగం ఆ గంటసేపూ తేడాను కూడబెట్టుకుంటూ పోతుంది. సెట్ పాయింట్ చేరినా, కూడబెట్టిందంతా కరిగేదాకా వాల్వ్ మూయదు. కంట్రోలర్‌లో దానికి అడ్డుకట్ట వేసే సదుపాయం ఉంది. ఎవరూ ఆన్ చేయలేదు. అది ఆన్ చేశాక గీత సెట్ పాయింట్ దగ్గర మెత్తగా వాలింది. ఆ షిఫ్ట్‌లో అందరూ ఒకసారి స్క్రీన్ దగ్గరికి వచ్చి చూసి వెళ్లారు.

గెయిన్ మారదనుకోవడం కూడా పీఐడీ వెనక దాగిన ఒక వాక్యమే. ఎఫ్లుయెంట్ ప్లాంట్‌లో ఆమ్లపు నీళ్లను కాస్టిక్‌తో సరిచేసే లూప్ దగ్గర అది పూర్తిగా చెల్లదు. లీటరు నీటిని పీహెచ్ 3 నుంచి 4కు తేవడానికి ఎంత కాస్టిక్ కావాలో, 6 నుంచి 7కు తేవడానికి దాదాపు అందులో వెయ్యో వంతు చాలు. 3 దగ్గర ట్యూన్ చేసిన కంట్రోలర్ 6 దగ్గరికి రాగానే ఒక్క ఊపులో 10 దాటించేస్తుంది, మళ్లీ కిందికి లాగుతుంది. ప్లాంట్ వాళ్లు ‘పీహెచ్ హంట్ అవుతోంది సార్’ అని పంపు మీద, వాల్వ్ మీద అనుమానపడతారు. వాల్వ్ నిర్దోషి. మనం గెయిన్ ఒక్కటే అనుకున్నాం, రసాయనం ఒప్పుకోలేదు, అంతే.

కాగితం మీద లేని నిమిషాలు

ఇప్పుడు కాగితం వదిలి రియాక్టర్ దగ్గరికి వెళ్దాం. మోడల్‌లో జాకెట్ ఎప్పుడూ ఏదో ఒక ద్రవంతో నిండి ఉంటుంది. మన ప్లాంట్లలో చాలా రియాక్టర్లకు ఒకే జాకెట్‌లోకి ఆవిరి, నీళ్లు, బ్రైన్ మార్చి మార్చి వదులుతారు. నీళ్ల నుంచి బ్రైన్‌కు మారాలంటే ముందు నీళ్ల వాల్వులు మూయాలి, జాకెట్‌లో మిగిలిన నీళ్లను గాలితో బ్లో చేసి వెళ్లగొట్టాలి, అప్పుడు బ్రైన్ వాల్వులు తెరవాలి. లేకపోతే బ్రైన్ పలచనవుతుంది. ఆ నిమిషాల్లో జాకెట్ ఖాళీ. రియాక్షన్ మాత్రం ఆగదు. టెంపరేచర్ ఎక్కుతోందని బ్రైన్‌కు మారుస్తాం, మార్చే ఆ కాసేపూ ఉన్న చలవ కూడా పోతుంది. ఈ విషయం ఏ పుస్తకంలోని రియాక్టర్ మోడల్‌లోనూ నాకు కనబడలేదు. ప్లాంట్‌లో నిలబడి చూస్తేనే తెలుస్తుంది. అది చూసినప్పటి నుంచి మా సిమ్యులేషన్లలో ఆ ఖాళీ నిమిషాలను విడిగా పెడతాం. అవి పెట్టి చూశాక కొన్ని రియాక్షన్లకు మొదటి నుంచీ బ్రైన్ మీదే నడపమనీ, వీలైతే ఒకే థర్మల్ ఫ్లూయిడ్‌తో నడిచే సిస్టమ్ పెట్టుకోమనీ చెబుతున్నాం.

సెన్సార్ కూడా ఇలాంటిదే. పీటీ 100 అనే ప్లాటినం సెన్సార్ సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓమ్‌లు చూపిస్తుంది. పరికరం నిఖార్సైనది. కానీ అది ఉండేది థర్మోవెల్ లోపల, చాలాచోట్ల బాఫిల్ చివర. రియాక్టర్‌లో సరుకు తక్కువగా వేసిన రోజున ఆ చివర ద్రవానికి తగలదు. అప్పుడది కొలిచేది పైనున్న ఆవిరిని. కంట్రోలర్‌కు ఆ సంగతి తెలియదు, వచ్చిన అంకెనే నమ్మి పనిచేస్తుంది. అందుకే కొత్త రియాక్టర్ దగ్గర నేను మొదట అడిగేది డ్రాయింగ్. థర్మోవెల్ చివర ఏ లెవెల్‌లో ఉంది, ఆ స్టేజిలో సరుకు ఏ లెవెల్‌కు వస్తుంది అన్నది పెన్సిల్‌తో గీసి చూసుకుంటాను.

ఒక గ్రిగ్నార్డ్ రియాక్షన్ దగ్గర నాకు దారి చూపించింది ఒక సీనియర్ ఆపరేటర్. ఈ రియాక్షన్‌తో చిక్కేమిటంటే, మొదట్లో అది మొండికేస్తుంది. మొదలైందని నమ్మి హాలైడ్ కలుపుతూ పోతే లోపల నిల్వ పేరుకుంటుంది, అది ఒక్కసారిగా అంటుకుంటుంది. మేం కెలోరిమీటర్ డేటాతో ఎంత వేగంగా కలపవచ్చో లెక్క తెచ్చాం. ఆయన మా గ్రాఫ్ శ్రద్ధగా చూసి అన్నాడు.

“సార్, మీ స్పీడు బానే ఉంది గానీ, కాస్త వేశాక ఓసారి ఎడిషన్ ఆపి చూడాల్సిందే. ఆపగానే వేడి తగ్గుతోందంటే వేసింది వేసినట్టు అయిపోతున్నట్టు. ఆపినా పైకే పోతోందంటే లోపల సరుకు నిలవుంది సార్.”

“ఎంతసేపు ఆపి చూస్తావన్నా?” అని అడిగాను.

“అది రియాక్టర్‌ని బట్టి సార్. దీనికైతే జాకెట్ రిటర్న్ పైపు మీద చెయ్యి పెడితేనే తెలుస్తది.”

ఆయన చెప్పింది మా భాషలో అక్యుములేషన్ పరీక్ష. జాకెట్‌లోంచి తిరిగొచ్చే ద్రవం ఎంత వేడిగా ఉందో చూస్తే లోపల ఎంత వేడి పుడుతోందో తెలుస్తుంది. మేం ఆ ఆలోచననే సమీకరణంగా రాశాం. జాకెట్‌లోకి పోయే, తిరిగొచ్చే ద్రవాల ఉష్ణోగ్రతలూ, ప్రవాహమూ కొలిచి, 1960లో రుడాల్ఫ్ కాల్మన్ చెప్పిన ఫిల్టర్ పద్ధతితో ప్రతి కొద్ది సెకన్లకూ లోపల ఎంత సరుకు రియాక్ట్ కాకుండా మిగిలిందో అంచనా వేయించాం. ఆ నిల్వను 75 డిగ్రీల ఉదాహరణతో చూస్తే, వేయాల్సిన సరుకులో సగం నిల్వ ఉంటే, చలవ ఆగిన మరుక్షణం నుంచి దాదాపు 37 డిగ్రీలు పెరిగే ప్రమాదం లోపల కూర్చుని ఉన్నట్టు. అంచనా హద్దు దాటితే ఎడిషన్ వాల్వ్ తనంతట తానే మూసుకుంటుంది. స్క్రీన్ మీద ఈ అంకె మొదటిసారి కదిలినప్పుడు ఆ ఆపరేటర్ లేచి వెళ్లి పైపు మీద చెయ్యి పెట్టి వచ్చి, “కరెక్టే చూపిస్తోంది సార్” అన్నాడు. నాకు ఏ పత్రిక సమీక్షకుడు ఇచ్చిన ఆమోదమూ అంత విలువైనదిగా అనిపించలేదు.

కలవనప్పుడు

ఇక నా మొదటి వాక్యం సంగతి. ద్రవం బాగా కలిసిందనుకుందాం. ఎజిటేటర్ తిరుగుతున్నంతసేపూ దాన్ని చాలావరకు నమ్మవచ్చు. కరెంటు పోయి ఎజిటేటర్ ఆగి, ఎడిషన్ మాత్రం కొనసాగితే? బరువైన ద్రవం అడుగున, తేలికైనది పైన పొరలు కడతాయి. టెంపరేచర్ ఎంతో ప్రశాంతంగా కనబడుతుంది. కాసేపటికి ఎవరో మళ్లీ ఎజిటేటర్ ఆన్ చేస్తారు. అప్పటిదాకా పేరుకున్నదంతా ఒకేసారి కలుస్తుంది. అందుకే ఎజిటేటర్ ఆగితే ఎడిషన్ వాల్వ్ ఆగిపోవాలన్న ఇంటర్‌లాక్‌ను, ఆగిన ఎజిటేటర్‌ను ఆలోచించకుండా తిప్పకూడదన్న నియమాన్ని మేం ఏ ప్రాజెక్టులోనూ బేరానికి పెట్టం.

ఎజిటేటరే లేని పెద్ద ట్యాంకుల సంగతి మరీ కష్టం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగింది తెలుగువాళ్లెవరూ మరచిపోలేరు. లాక్‌డౌన్‌లో ఆగి ఉన్న ఎల్జీ పాలిమర్స్ ప్లాంట్‌లోని నిల్వ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి నిద్రలో ఉన్న జనం మీద కమ్ముకుంది. పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. స్టైరీన్ నిల్వ ఉన్నచోటే నెమ్మదిగా పాలిమర్‌గా మారుతూ వేడి పుట్టిస్తుంది. వేడి పెరిగితే ఆ మార్పు ఇంకా వేగం అందుకుంటుంది. దాన్ని ఆపడానికి టీబీసీ అనే నిరోధకం కలుపుతారు, ద్రవాన్ని తిప్పుతూ చల్లబరుస్తారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నిరోధకం తగినంత లేకపోవడాన్ని, చల్లబరిచే వ్యవస్థను నిరంతరం నడపకపోవడాన్ని ఎత్తిచూపింది. ఇంకో విషయం కూడా చెప్పింది. టెంపరేచర్ సెన్సార్ ట్యాంకు అడుగున మాత్రమే ఉంది.

నా వృత్తిలోని మనిషిగా నన్ను ఈ చివరి మాట వదలదు. వేడెక్కిన ద్రవం తేలికై పైకి చేరుతుంది. కలిపేది లేనప్పుడు పైపొర వేడెక్కుతూ పోతుంది, అడుగు చల్లగానే ఉంటుంది. అడుగున పెట్టిన సెన్సార్ అబద్ధం చెప్పలేదు. తానున్నచోటి ఉష్ణోగ్రతే చెప్పింది. దాన్ని ట్యాంకు మొత్తానికి వర్తింపజేసింది మనుషులు. ‘బాగా కలిసిందనుకుందాం’ అనే వాక్యాన్ని ఎవరూ పైకి అనకుండానే అనేసుకున్నారు. పరిశోధన పత్రంలో ఆ వాక్యం తప్పయితే గ్రాఫ్ సరిపోదు, దిద్దుకుంటాం. అలాంటి ట్యాంకు దగ్గర అది తప్పయితే ఊరు మూల్యం చెల్లిస్తుంది. రెండు మూడు ఎత్తుల్లో సెన్సార్లు పెట్టి ఉంటే పైపొరలో ఏం జరుగుతోందో ముందే తెలిసేది. అంత చిన్న ఖర్చుకు అంత పెద్ద విలువ ఉంది.

ఇప్పటి కుర్రాళ్లకు

మా దగ్గరికి వచ్చే కొత్త పరిశోధకులు న్యూరల్ నెట్‌వర్కులతో వస్తున్నారు. సంతోషించదగ్గ విషయమే. ప్లాంట్లలో ఏళ్ల తరబడి డేటా పోగుపడి ఉంది, దాన్ని చదవగల సాధనం వాళ్ల చేతిలో ఉంది. సెన్సార్ నెమ్మదిగా తప్పు చూపించడం, వాల్వ్ ఇరుక్కుని గెంతడం లాంటివి పట్టుకోవడంలో ఆ పద్ధతులు నిజంగా పనికొస్తాయి. ఒక్కటే వాళ్లకు గట్టిగా చెబుతాను. బాగా నడిచే రియాక్టర్ డేటా అంతా ఒకే ఉష్ణోగ్రత చుట్టూ ఉంటుంది. 58 నుంచి 62 డిగ్రీల మధ్య డేటాతో నేర్చుకున్న మోడల్‌ను 90 దగ్గర ఏమవుతుందో అడిగితే అది జవాబు ఇస్తుంది. ధైర్యంగా కూడా ఇస్తుంది. ఆ జవాబుకు ఆధారం ఏదీ లేదు. అక్కడ మనకు దిక్కు వేడి జమాఖర్చు, అర్హీనియస్ సూత్రం, కెలోరిమీటర్ ఇచ్చిన సంఖ్య. డేటా మోడల్‌ను ఈ పునాది మీద నిలబెట్టాలి. పునాది లేకుండా సేఫ్టీ నిర్ణయం దాని చేతిలో పెట్టకూడదు.

మన కాలేజీల్లో ప్రాసెస్ కంట్రోల్‌ను లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్‌లతో మొదలుపెట్టి వాటితోనే ముగిస్తున్నారు. ప్రతి విద్యార్థీ డిగ్రీ పూర్తయ్యేలోపు ఒక్కసారైనా నిజమైన ట్యాంకు మీద స్టెప్ టెస్ట్ తన చేత్తో చేయాలి. ఒక నీళ్ల ట్యాంకు, ఒక హీటరు, ఒక సెన్సార్, ఒక చిన్న కంట్రోలర్ చాలు. స్టిర్రర్ ఆపి సెన్సార్‌ను అడుగున ఒకసారి, పైన ఒకసారి పెట్టి చూడమనాలి. రెండు గీతలూ పక్కపక్కన గీసుకున్న విద్యార్థికి తర్వాత ఏ ట్యాంకు దగ్గర నిలబడినా సెన్సార్ ఎక్కడుందన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. ఒక్క మధ్యాహ్నం పని అది. మన తెలుగు రాష్ట్రాల్లో ఇంత రసాయన పరిశ్రమ ఉంది, ఇంతమంది ఇంజనీర్లు వస్తున్నారు, ఆ ఒక్క మధ్యాహ్నం మనం ఇవ్వలేమా?

ప్లాంట్లకు కూడా ఒక విన్నపం ఉంది. ప్రాసెస్ నడపడానికి ఎస్‌ఓపీ ఉన్నట్టే, దాని వెనకున్న లెక్కలో ఏమేమి అనుకున్నారో చెప్పే ఒక పేజీ కూడా కంట్రోల్ రూమ్‌లో ఉండాలి. ఎజిటేటర్ ఏ వేగంతో తిరుగుతుందనుకున్నారు, సరుకు ఏ లెవెల్‌లో ఉంటుందనుకున్నారు, చలవ ఎంతసేపు ఆగవచ్చు అనుకున్నారు. ఎజిటేటర్ మార్చినా, రియాక్టర్ మార్చినా, బ్యాచ్ సైజు పెంచినా ఆ పేజీ తీసి ప్రతి వాక్యం ఇంకా నిలబడుతుందో లేదో చూసి సంతకం పెట్టాలి. ఆ సంతకాల్లో ఒకటి ఆపరేటర్‌ది కావాలి.

మా తర్వాత వచ్చేవాళ్లకు మాకన్నా మంచి గణితం, మాకన్నా వేగమైన కంప్యూటర్లు ఉంటాయి. వాటితో పాటు ఈ అలవాటు కూడా చేసుకోమని అడుగుతున్నాను. కొత్త రియాక్టర్ మీద పని మొదలుపెట్టే రోజున షిఫ్ట్ మారే వేళకు ప్లాంట్‌కు వెళ్లండి. డ్యూటీ దిగుతున్న ఆపరేటర్‌ను ఆపి, “అన్నా, ఇది ఎప్పుడెప్పుడు మాట వినదు?” అని అడగండి. ఆయన చెప్పింది రాసుకోండి. మోడల్ మొదలుపెట్టాల్సింది ఆ కాగితంతోనే.